మీసం ఉంచేదా?

నా కుడిచెయ్యి రెండేళ్లుగా వణుకుతోంది. అన్నం కలుపుకోగలను, సంతకం పెట్టగలను. గడ్డం మాత్రం గీసుకోలేను. నలభై ఏళ్ల పైచిలుకు ఊరివాళ్ల గొంతుల మీద కత్తి నడిపిన చెయ్యి ఇది. దాన్ని ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంటే చేసిన పనంతా ఒక్కొక్క తలగా, ఒక్కొక్క గడ్డంగా గుర్తుకొస్తుంది. ఆలోచన ఎటు పోయినా చివరికి ఒకే చోట ఆగుతుంది. కత్తికి పాపం అంటదు, సరే. కత్తి పట్టిన చేతికి?

మాది మంగలి కులం. కాగితాల్లో నాయీ బ్రాహ్మణులని రాస్తారు. స్వర్ణముఖి ఒడ్డున మా ఊరు. మా జేజినాయన దగ్గర ఒక అడపం ఉండేది. మేకతోలు సంచి. అందులో రెండు కత్తులు, ఆకురాయి, కత్తికి పదును సరిచేసే తోలుపట్టీ, కత్తెర, గోళ్లు తీసే ఉలి, చేతి అద్దం, ఇత్తడి గిన్నె, పటిక ముక్క. దాన్ని చంకన పెట్టుకుని ఇంటింటికీ ఆయనే వెళ్లేవాడు. ఆ రోజుల్లో మా ఊళ్లో మగవాడెవడూ తన గడ్డం తాను గీసుకోలేదు. పక్షానికోసారి జేజినాయన వస్తే గీసేవాడు, లేకపోతే లేదు. మంగళవారం పనికిరాదు, శుక్రవారం పనికిరాదు, శనివారం పనికిరాదు. అమావాస్య, జన్మనక్షత్రం, భార్య కడుపుతో ఉన్న నెలలు, ఇవన్నీ తీసేస్తే మిగిలే రోజులు తక్కువే. అందువల్ల ఎవరి ముఖం చూసినా సగం కాలం మాసిన గడ్డమే. అది బద్ధకమని గానీ దిగులని గానీ ఎవరూ అనుకోలేదు. చేను కోతకు వచ్చినట్టే గడ్డమూ కోతకు వచ్చేది. డబ్బుల లెక్క లేదు. పంట కళ్లానికి వచ్చాక మేర అని ఇన్ని మానికలు కొలిచి ఒడిలో పోసేవాళ్లు.

పెళ్లిళ్లలో జేజినాయన సన్నాయి ఊదేవాడు. తాళి కట్టేటప్పుడు ఆయన ఊపిరి లేనిదే ముహూర్తం లేదు. దాన్ని మంగళవాద్యం అంటారు. ఈ మాట ఇక్కడ గుర్తుంచుకోవాలి, ఎందుకంటే అదే మనిషి అదే చేతులతో అగ్రహారంలో ఇంకో పని కూడా చేసేవాడు.

నేను పుట్టడానికి ముప్పై ఏళ్ల ముందు మాట. జేజినాయన అప్పటికి పాతికేళ్లవాడు. అగ్రహారంలో ఒక ఇంట్లో అల్లుడు పోయాడు. ఆ ఇంటి పిల్లకి పద్దెనిమిదేళ్లట. పదో రోజు తెల్లవారుజామున పెరట్లోకి జేజినాయనను పిలిచారు. దడి పక్కన ఒక పీట. ఆమె వచ్చి కూర్చుంది. జేజినాయన మాట్లాడకూడదు, ఆమె ముఖం చూడకూడదు. చెంబుతో నీళ్లు పోసి పని మొదలుపెట్టబోతుంటే ఆమె జడను ముందుకు లాక్కుని పట్టుకుంది. వదలలేదు. కొంతసేపటికి, "దీన్ని ఎక్కడ పారేస్తావు?" అని అడిగింది. ఏట్లో కలుపుతానమ్మా అన్నాడు జేజినాయన. అప్పుడు వదిలింది. ఆయన మాట తప్పలేదు. ఆ జడను పై పంచెలో చుట్టుకుని వెళ్లి స్వర్ణముఖిలో విడిచి వచ్చాడు. ఆ పూట అన్నం తినలేదు. సాయంత్రం మాత్రం పక్క ఊళ్లో పెళ్లికి సన్నాయి ఊదాడు.

అది ఒక్క రోజుతో అయిపోయేది కాదు. వెంట్రుక మళ్లీ మొలుస్తుంది. ఆ ఇంటి మగవాళ్ల గడ్డాలకు ఏ రోజు పిలుపు వచ్చేదో అదే రోజు, అందరికన్నా ముందు, చీకటితోనే ఆమె తల. అలా ఇరవై ఆరేళ్లు. ఆమె నెరిసింది జేజినాయన చేతికిందే. ఆ మొదటి రోజు తర్వాత ఆమె ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు. ఈ సంగతి జేజినాయన మా నాయనకు చెప్పాడు, నాయన నాకు చెప్పాడు. చెప్పిన ప్రతిసారీ జేజినాయన ఒకే మాటతో ముగించేవాడట: "నాదేముందిరా, నేను నిమిత్తమాత్రుణ్ణి."

ఆ మాట ఆయన సొంతం కాదు. గీతలో పదకొండో అధ్యాయంలో కృష్ణుడు అర్జునుడితో చెప్పిన మాట. చావవలసినవాళ్లను నేను ఇంతకుముందే చంపేశాను, నువ్వు ఊరకే నిమిత్తంగా నిలబడు అన్నాడు. అగ్రహారం అరుగుల కింద నిలబడి పురాణం విన్న మనిషి జేజినాయన. ఆ మాట చెవిన పడింది, దాన్ని పట్టుకుని బతికాడు. నేను చాలా కాలం అది ఆయన చెప్పుకున్న సాకు అనుకున్నాను. తర్వాత అలా అనుకున్నందుకు సిగ్గుపడ్డాను. ఆ ఊళ్లో కాదనే వీలు ఆయనకు లేదు. కాదంటే మేర పోతుంది, ఇల్లున్న జాగా పోతుంది, ఐదుగురు పిల్లలు. కాదనలేని మనిషికి నిమిత్తమాత్రుణ్ణి అనుకోవడం తప్ప నిద్రపట్టే దారి ఏముంది?

కానీ గీత అక్కడితో అయిపోలేదు. ఈ ముక్క నాకు యాభై దాటాక తట్టింది. ఆ మాట వినేముందు అర్జునుడు విల్లు కింద పడేసి నేను చెయ్యను అన్నాడు. అడ్డం తిరిగాడు, వాదించాడు, పది అధ్యాయాలు ప్రశ్నలడిగాడు. అంతా విన్నాక, పద్దెనిమిదో అధ్యాయం చివరికి వచ్చాక, ఇదంతా బాగా ఆలోచించుకుని నీకు ఎలా తోస్తే అలా చెయ్యి అని కృష్ణుడే అన్నాడు. అంటే నిమిత్తమాత్రుడు అనే మాట కాదనే హక్కు ఉన్నవాడికి చెప్పిన మాట. నేను చెయ్యను అనే వీలున్న చెయ్యి, తెలిసి ఒప్పుకుని దేవుడి చేతిలో పనిముట్టు అయితే అది భక్తి. ఆ వీలే లేని చేతిని మనుషులు పనిముట్టుగా వాడుకుంటే దానికి భక్తి అనే పేరు పెట్టకూడదు. జేజినాయన పెద్దమాటను తప్పుగా అర్థం చేసుకోలేదు. ఆ మాటలో సగమే ఆయన దాకా రానిచ్చారు.

రెండో సగం కొందరికి తనంతట తనే తట్టింది. 1890లో బొంబాయిలో క్షురకులు సభ కట్టి ఇకమీదట విధవల తలల మీద కత్తి పెట్టం అని తీర్మానించుకున్నారు. కార్మిక నాయకుడు నారాయణ్ మేఘాజీ లోఖండే వాళ్ల వెనక నిలబడ్డాడు. మన రాజమండ్రిలో వీరేశలింగం గారు మొదటి వితంతు వివాహం జరిపించింది 1881 డిసెంబరులో. ఆ చరిత్ర అంతా చదివాను. శాస్త్రాలు ఒప్పుకుంటాయా లేదా అని పండితుల వాదాలు పుస్తకాల నిండా ఉన్నాయి. నేను చదివినంతలో, ఆ వాదాల్లో తెల్లవారుజామున పెరట్లోకి వెళ్లి ఆ పని చేసేవాడి నోట ఒక్క మాట కనిపించలేదు. బొంబాయి క్షురకులకు శాస్త్రం తెలియదు. తమ చెయ్యి తమదని మాత్రం తెలుసు.

ఆ శాస్త్రమే మా గురించి ఏమన్నదో తెలుసుకుందామని, పని మానేశాక తిరుపతి లైబ్రరీలో కూర్చున్నాను. అక్కడ దొరికింది చదివి కాసేపు పుస్తకం మూసేశాను. పిల్లవాడికి మొదటిసారి వెంట్రుకలు తీసే చౌలంలో, వేడినీళ్లను చూస్తూ వాయుదేవుణ్ణి తలచుకోవాలట. మంగలిని చూస్తూ సవితృ దేవుణ్ణి తలచుకోవాలట. గోభిల గృహ్యసూత్రంలో ఉంది. సోమరాజుకూ వరుణుడికీ క్షౌరం చేసిన సవితే కత్తి పట్టుకుని వచ్చాడని అథర్వవేదం చెబుతుంది. సవిత అంటే సూర్యుడు, గాయత్రి మంత్రం ఎవరిని ఉద్దేశించి చదువుతారో ఆయన. జేజినాయన ఎన్ని వందల చౌలాలు చేసి ఉంటాడో! పురోహితుడు మంత్రం చదువుతూ తన వైపు చూసినప్పుడు ఆ చూపులో తాను ఎవరో ఆయనకు ఎవరూ చెప్పలేదు. తంతు అయ్యాక గడప దిగి దూరంగా నిలబడేవాడు. ఇంట్లోవాళ్లు తలస్నానాలకు వెళ్లేవాళ్లు.

ఆ స్నానం గురించి ఒక మాట చెప్పాలి. క్షౌరం అయినవాడు స్నానం చేస్తే గానీ ఇంట్లో దేన్నీ ముట్టుకోడు. ఒంటి నుంచి విడిపోయిన వెంట్రుక శవంతో సమానం, ఆ మైలకే స్నానం అని జేజినాయన నమ్మాడు. నేనూ నమ్మాను. 1960ల్లో అగ్రహారంలోకి సేఫ్టీ రేజరు వచ్చింది. అమెరికాలో కింగ్ జిలెట్ అనే ఆయన 1904లో పేటెంటు తీసుకున్న వస్తువు, అరవై ఏళ్లకు మా ఊరు చేరింది. రైల్వేలో ఉద్యోగం చేసే మనవడు సెలవులకు వచ్చి బావి దగ్గర అద్దం తగిలించుకుని తన గడ్డం తాను గీసుకున్నాడు. ముఖం తుడుచుకుని నేరుగా పోయి ఫలహారానికి కూర్చున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. వెంట్రుక అదే, గడ్డం అదే, తెగిన తీరు అదే. లేనిదల్లా మా వేలి స్పర్శ. మైల వెంట్రుకది కాదని ఆ రోజు జేజినాయన గ్రహించాడు. బావి పక్కనే కొబ్బరిచెట్టు కింద కూర్చుని ఉన్నాడాయన, ఆ ఇంటి పెద్దాయన గోళ్లు తీస్తూ.

పోనీ, గొంతు అప్పగించడానికి మాత్రం ఆ స్పర్శ ఎలా పనికొచ్చింది? ఊళ్లో ఎంత పెద్దవాడైనా కళ్లు మూసుకుని గడ్డం పైకెత్తి మా చేతికి గొంతు ఇచ్చేవాడు. అంతకు మించిన నమ్మకం నాకు తెలిసి మనిషి మనిషి మీద పెట్టుకోడు. ఆ నమ్మకం పెట్టుకున్నవాడే అయిదు నిమిషాల తర్వాత ఆ చెయ్యి తగిలిందని నీళ్లు గుమ్మరించుకునేవాడు. రెండూ ఒకే మనసులో ఎలా ఇమిడాయో నాకు ఇప్పటికీ ముడి వీడలేదు.

బుద్ధుడి దగ్గర ఈ ముడి ఒక్క క్షణంలో విప్పారు. శాక్య రాజకుమారులు కొందరు సన్యసించడానికి బయలుదేరారు. వాళ్ల మంగలి ఉపాలి వెంట వెళ్లాడు. నగలన్నీ మూటకట్టి నువ్వు తీసుకుని ఇంటికి పో అన్నారు వాళ్లు. కొంత దూరం వచ్చిన ఉపాలి ఆ మూటను చెట్టుకు తగిలించి, చూసినవాళ్లు తీసుకోండి అని వదిలేసి వెనక్కి నడిచాడు. అప్పుడు ఆ రాజకుమారులే బుద్ధుణ్ణి అడిగారు: ముందు ఇతనికి దీక్ష ఇవ్వండి, అప్పుడు ఇతను మాకు పెద్ద అవుతాడు, మేం ఇతనికి మొక్కవలసి వస్తుంది, మా శాక్యుల పొగరు అణుగుతుంది అని. బుద్ధుడు పోయాక రాజగృహంలో జరిగిన సభలో భిక్షువుల నియమాలన్నీ అప్పజెప్పింది ఉపాలే. మొక్కడం అనేది తప్పనిసరిగా నేర్చుకోవలసిన విద్య అని, అది ఎవరి దగ్గర మొదలుపెట్టాలో తమకే తెలుసునని ఆ రాజకుమారులు ఒప్పుకున్నారు చూడండి, నాకు ఆ కథలో ఉపాలి కన్నా వాళ్ల మీదే ఎక్కువ గౌరవం.

మా నాయన 1958లో ఊరు వదిలి తిరుపతి వచ్చాడు. ఒక కుర్చీ, ఒక నిలువుటద్దం, వెంకటేశ్వరస్వామి పటం, గోడకు క్యాలెండరు. ఇంటింటికీ మేం వెళ్లే కాలం పోయి, మా దగ్గరికి జనం వచ్చే కాలం మొదలైంది. చిల్లర చేతిలో పడుతుంది, ఎవరూ ఏడాది చివర మానిక కొలవరు. ఆఫీసు ఉద్యోగులు వారానికి రెండుసార్లు గడ్డం చేయించుకునేవాళ్లు. మాసిన గడ్డంతో ఆఫీసుకు పోతే ఆఫీసరు అడిగే రోజులవి. రోజూ నున్నగా ఉండే చెంప చదువుకు, జీతానికి గుర్తుగా మారింది.

నేను కత్తి పట్టడం నేర్చుకున్నది నాయన చెంప మీదే. పదిహేనో ఏట తన కుర్చీలో తను కూర్చుని, గడ్డం పైకెత్తి, "కానీరా" అన్నాడు. దవడ మలుపు దగ్గర తెగింది. రక్తం చూసి నా చేతులు ఆగిపోయాయి. ఆయన కళ్లు తెరవకుండానే, "పటిక అడపంలో కింది అరలో ఉంది" అన్నాడు. అంతే. రాసిన తర్వాత మళ్లీ గొంతు పైకెత్తాడు.

అంతకు ఐదేళ్ల ముందు, నేను కొట్లో వెంట్రుకలు ఊడ్చే వయసులో, ఒక ఆదివారం జరిగింది చెప్పాలి. యూనివర్సిటీలో చదివే కుర్రాడు వచ్చి వంతు కోసం బెంచీ మీద కూర్చున్నాడు. కుర్చీలో మా ఊరి రైతు ఒకాయన ఉన్నాడు, ముఖం నిండా నురుగు, ఒక చెంప అయింది, ఇంకో చెంప ఉంది. ఆయన అద్దంలో కుర్రాణ్ణి చూశాడు. మా ఊరి మాలపల్లె పిల్లవాడు.

"వాడెవడో తెలుసునా నీకు?" అన్నాడు నాయనతో.

"తెలుసున్నా. తర్వాత వంతు ఆ పిల్లోడిదే."

"అదే కత్తితోనా?"

"కత్తి కడుగుతా గదన్నా, మీకైనా అంతే, అతనికైనా అంతే."

ఆయన లేచాడు. సగం ముఖానికి నురుగుతోనే, భుజం మీది తుండుగుడ్డతో తుడుచుకుంటూ బజారులోకి వెళ్లిపోయాడు. నాయన కత్తి కడిగి, కుర్చీ తుడిచి, ఆ అబ్బాయిని రమ్మన్నాడు. అంటరానితనం నేరమని 1955లోనే చట్టం వచ్చిందని నాయనకు ఒక మాస్టారు చెప్పాడట. కానీ ఆ రోజు నాయన చట్టం కోసం చేయలేదు. అదే మాస్టారు గాంధీగారి ఆత్మకథలో ఒక సంగతి చెప్పాడు. ప్రిటోరియాలో తెల్ల క్షురకుడు గాంధీకి జుట్టు కత్తిరించనని ఈసడించి పంపేశాడు. గాంధీ కత్తెర కొనుక్కుని అద్దం ముందు నిలబడి తనే కత్తిరించుకున్నాడు, వెనకవైపు పాడైపోయింది, కోర్టులో స్నేహితులు నవ్వారు. అయినా ఆ తెల్లవాణ్ణి గాంధీ తప్పుపట్టలేదు. నల్లవాళ్లకు చేస్తే అతని బేరం పోతుంది, మన ఊళ్లలో మన మంగళ్లను అంటరానివాళ్లకు చేయనిస్తున్నామా, దాని ఫలమే నాకు దక్కింది అని రాసుకున్నాడు. నాయనకు ఆ వాక్యం గుచ్చుకుంది. బేరం పోతుందన్న భయమే అక్కడా ఇక్కడా కత్తి పట్టిన చేతిని నడిపిస్తోందని. బేరం నిజంగానే పోయింది. మా ఊరి నుంచి వచ్చే ఖాతాలన్నీ ఏడాది పాటు ఆగిపోయాయి. ఊళ్లో జేజినాయనకు ఆ పంటకు మేర కొలవలేదు.

జేజినాయన తిరుపతి వచ్చి నాయన మీద అరిచాడు. "మనం నిమిత్తమాత్రులం రా, కూర్చున్నవాడి మంచిచెడ్డలు మనకెందుకు?" అన్నాడు. నాయన, "నేనూ అదే చేశాను గదా, కూర్చున్నాడు, గీశాను" అన్నాడు. జేజినాయన కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఆ రాత్రే నాయనకు ఆ జడ సంగతి చెప్పింది.

నేను 1985లో కొండెక్కాను. తిరుమల కల్యాణకట్టలో ముప్పై ఏళ్లు చేశాను. అక్కడ పని వేరు. అద్దం లేదు, కుర్చీ లేదు. వరసగా కూర్చుంటాం, ఎదురుగా భక్తుడు వచ్చి తల వంచుతాడు. గొంతు ఎత్తడం కాదు, తల వంచడం. ఈ రెంటికీ చాలా తేడా ఉంది. ఎవడు ఏ ఊరివాడో, ఏ కులంవాడో అడిగే పని లేదు. చీటీ చూసి కూర్చోబెట్టుకుంటాం, గోవిందా అంటాడు, తడిపి మొదలుపెడతాం. శ్రీనివాసుడి తలకు దెబ్బ తగిలి కొంత చోట జుట్టు పోతే, గంధర్వ కన్య నీలాదేవి తన జుట్టు కోసి అక్కడ అమర్చిందని, నా కొండకు వచ్చే జుట్టంతా నీదేనని స్వామి ఆమెకు మాట ఇచ్చాడని స్థలపురాణం. ఒక ఆడది తన చేత్తో, తన ఇష్టంతో తన జుట్టు కోసి ఇచ్చింది, మొక్కు అక్కడ మొదలైంది. జేజినాయన పంచెలో చుట్టుకెళ్లిన జడ గుర్తొస్తే నాకు ఈ కథ మింగుడుపడేది కాదు. రెండూ జుట్టే. రెండూ కత్తే.

జుట్టు ఇవ్వడం ఏమి త్యాగం, మూడు నెలల్లో మళ్లీ వస్తుంది గదా అని ఒక చదువుకున్నాయన నాతో వాదించాడు. అద్దంలో రోజూ దువ్వుకునేదాన్ని ఇస్తున్నాడు గదయ్యా అన్నాను. పొలం ఇచ్చినవాడు ఇంకా పొలం ఇచ్చినవాడిలాగే కనపడతాడు. గుండు అయినవాణ్ణి ఇంట్లో పిల్లలే ఒక క్షణం పోల్చుకోలేరు. గుండుతో లేచి నిలబడి తల నిమురుకుంటూ నవ్వే ముఖాలు నేను లక్షల్లో చూశాను. ఆ నవ్వు బలవంతాన వచ్చేది కాదు.

కల్యాణకట్టలో మేం రోజంతా అడిగే ప్రశ్న ఒకటే: "మీసం ఉంచేదా, తీసేదా?" తండ్రి బతికి ఉన్నవాడు మీసం తీయించుకోడు. తండ్రి పోతేనే తీయాలి. అందుకే అడుగుతాం. తెలియక తీసేశామంటే అతని తండ్రి చావు కోరినట్టు. చాలా ఏళ్లు నాకది పనిలో ఒక మాట, అంతే.

1997 జనవరి మొదటివారం. తూర్పు గోదావరి జిల్లా వెంకటాయపాలెంలో దళిత యువకులను హింసించి శిరోముండనం చేశారని, కనుబొమలు కూడా తీసేశారని పేపరులో చదివాను. డిసెంబరు 29న జరిగింది. టీ తాగుతున్న గ్లాసు పక్కన పెట్టేశాను. ఆ కేసులో శిక్ష పడింది 2024 ఏప్రిల్లో, పద్దెనిమిది నెలలు. ఇరవై ఏడేళ్లు దాటాక. కానీ ఆ రోజు నేను చూసింది కోర్టునూ కాదు, పెద్దమనుషులనూ కాదు. ఆ కనుబొమల మీద కత్తి నడిపిన చేతిని. కనుబొమ తీయడం సులభం కాదు. కన్ను పక్కనే ఉంటుంది. మెలకువగా, నిదానంగా తీయాలి. ఆ మెలకువ ఎవరిదో ఉంది అక్కడ. ఆ చెయ్యి నిమిత్తమాత్రమని నేను చచ్చినా ఒప్పుకోను.

తిరిగి వెళ్లి నా చోట కూర్చున్నాను. అప్పట్లో ఆడవాళ్లకూ మగవాళ్లమే చేసేవాళ్లం. ఇప్పుడు ఆడవాళ్లకు ఆడవాళ్లే ఉన్నారు. ఒక తల్లి పద్నాలుగేళ్ల కూతుర్ని తెచ్చి కూర్చోబెట్టింది. జ్వరం వచ్చినప్పుడు బిడ్డ బతికితే తలనీలాలు ఇస్తానని ఆ తల్లి మొక్కుకుంది. ఆ పిల్ల జడను ముందుకు లాక్కుని గుప్పిట్లో పట్టుకుంది.

నేను బ్లేడు కింద పెట్టేశాను.

"మొక్కెవరిదమ్మా?" అన్నాను తల్లితో. నాది అంది. "అయితే నీ తల ఇయ్యి. లేదంటే పాపను అడుగు." ఆమెకు కోపం వచ్చింది. దేవుడితో పని, నీకెందుకు అంది. ఆమె మాటలో తప్పు లేదు, బిడ్డ ప్రాణం కోసం మొక్కుకున్న మనిషి. నేను ఆ పిల్లనే అడిగాను. చాలాసేపటికి, మూడు కత్తెర్లు ఇస్తాను అంది. జడ చివర మూడుచోట్ల కత్తిరించాను. ఆ పిల్ల ఆ వెంట్రుకలు తన చేత్తో తీసి హుండీలో వేసింది. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, తర్వాత తన తల వంచింది.

స్వామికి కోపం వచ్చిందా? రాలేదనే నా నమ్మకం. ఇచ్చేవాడు ఇస్తేనే అది కానుక. లాక్కున్నది హుండీలో వేసినా లాక్కున్నదే. నా చెయ్యి కాదనగలదని నలభై ఏళ్ల వయసులో తెలుసుకున్నాను, అది కూడా జేజినాయన ఏటికి మోసుకెళ్లిన ఆ ఒక్క జడ పుణ్యమే.

మరి పుట్టువెంట్రుకలో? ఏడాది బిడ్డను ఎవరు అడుగుతారు? ఈ ప్రశ్న నన్ను చాలా రోజులు వేధించింది. గుక్కపట్టి ఏడ్చే బిడ్డల తలలు ఎన్ని వేలు చేశానో. చౌలంలో ఇంకో మంత్రం ఉంది, కత్తినే ఉద్దేశించి ఈ బిడ్డను హింసించకు అని వేడుకునేది. అడగడానికి మాటలు రాని బిడ్డ తరఫున, అడగవలసినవాళ్లు కత్తిని అడుగుతున్నారు. ఆ ప్రార్థన ఉన్నంతవరకు నాకు ఫరవాలేదనిపించింది. మంత్రం నాకు రాదు. ప్రతి బిడ్డ తల తడిపేటప్పుడు మనసులో తెలుగులో అనుకునేవాణ్ణి.

ఈలోగా కిందన లోకం మారిపోయింది. టోపాజ్, సెవెనోక్లాక్ బ్లేడులు ప్రతి ఇంట్లో కిటికీ గూట్లోకి వచ్చాయి. 1990ల్లో ఎయిడ్స్ భయంతో కొట్లలోనూ పాత కత్తులు మూలపడి, మనిషికో కొత్త బ్లేడు వచ్చింది. ఆకురాయి అవసరం తీరిపోయింది. నా కొడుకు హైదరాబాదులో కంప్యూటర్ల పని చేస్తాడు. నా నాయన కాలంలో నున్నటి చెంప చదువుకు గుర్తయితే, వీడి ఆఫీసులో అందరికీ గడ్డాలే, మిషనుతో మూడు మిల్లీమీటర్లకు సమంగా కత్తిరించుకుంటారు. అయ్యప్ప మాల వేసుకున్న నలభై ఒక్క రోజులే మా తరంలో చాలామంది గడ్డం పెంచింది, అదీ వ్రతంగా. వీళ్లకు వ్రతం లేదు, ఇష్టం. మొదట్లో నాకు నచ్చలేదు. తర్వాత సాహిబ్ సింగ్ సంగతి చదివాను. 1699లో గురు గోవింద్ సింగ్ పిలిస్తే తల ఇవ్వడానికి లేచి నిలబడిన ఐదుగురిలో ఒకడు. మన జహీరాబాదుకు ఆవల ఉన్న బీదరు నుంచి వెళ్లిన మంగలి. ఆ రోజు నుంచి వెంట్రుక మీద కత్తి పెట్టనని వ్రతం పట్టాడు. తీయడం తెలిసినవాడు ఉంచుకోవడాన్ని ఎంచుకున్నాడు. వీడూ ఎంచుకుంటున్నాడు గదా అనుకున్నాను.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. నా కొడుకు పదేళ్లుగా ఎవరి చేతికీ గొంతు అప్పగించలేదు. ఎవరి ముందూ తల వంచి కూర్చోలేదు. మేర పోయినందుకు, మైలస్నానం పోయినందుకు నేను సంతోషిస్తాను, మనస్ఫూర్తిగా. దాంతో పాటు ఆ నమ్మకం కూడా పోవలసిన పని లేదు. బావి దగ్గర ఆ రైల్వే కుర్రాడు మమ్మల్ని తప్పించుకున్నాడు. వీళ్లు ఒకరినొకరు తప్పించుకుంటున్నారు.

వాడొకసారి నవ్వుతూ లెక్కల పుస్తకంలోని చిక్కు చెప్పాడు. ఒక ఊళ్లో తమ గడ్డం తాము గీసుకోనివాళ్లందరికీ, వాళ్లకు మాత్రమే, మంగలి గీస్తాడు. మరి మంగలికి ఎవరు గీస్తారు? రస్సెల్ అనే తత్వవేత్త పేరు చెప్పాడు. ఎటు చెప్పినా తప్పవుతుందట. మా వీధిలో దీనికి జవాబు ఎప్పుడూ ఉంది. మంగళవారం కొట్లకు సెలవు. ఆ రోజు మా నాయన, మా మేనమామ ఎదురెదురుగా కూర్చుని ఒకరికొకరు గీసుకునేవాళ్లు. నాయన పోయినప్పుడు నా మీసం తీసింది మేనమామే. పుస్తకంలో ఊరికి ఒకే మంగలి ఉంటాడు కాబట్టి అక్కడ చిక్కు వచ్చింది.

మొన్న సంక్రాంతికి మనవడు వచ్చాడు. పదహారేళ్లు. పూర్వం ఈ వయసులోనే మొదటి గడ్డం తీయడాన్ని కేశాంతమని సంస్కారంగా చేసేవాళ్లు, గురువుకు ఆవును ఇచ్చేవాళ్లు. వాడికి గడ్డం నాలుగు పోగులుగా వచ్చింది, దాన్ని ఉంచుకుంటాడట. ఉంచుకోమన్నాను. నా ముఖం చూశాడు. వారం నుంచి మాసింది. "నేను చేసేదా తాతా?" అన్నాడు. వాడికి అసలు చెయ్యడం రాదు. సరే అన్నాను. అటక మీది అడపం దించమన్నాను. మేకతోలు ఎండి పెళుసైంది, కత్తి తుప్పు పట్టింది, వాళ్ల నాన్న బ్లేడు తెచ్చి ఇచ్చాడు. వరండాలో కుర్చీ వేసి, నీళ్లు వేడిచేసి తెచ్చాడు. నురుగు ఎక్కువ పెట్టాడు. నా గడ్డం కింద వేలు పెట్టి తల పైకెత్తాడు, ఎవరూ నేర్పకుండానే.

బ్లేడు పట్టుకుని ఆగాడు.

"తాతా, మీసం ఉంచేదా?"

ఉంచు అన్నాను. కళ్లు మూసుకున్నాను. కుడి చెంప బాగానే చేశాడు. ఎడమ దవడ మలుపు దగ్గర తెగింది. వాడి చెయ్యి ఆగిపోయింది, ఊపిరి కూడా ఆపుకున్నాడు, నాకు వినపడుతోంది.

పటిక అడపంలో కింది అరలో ఉందని చెప్పాను.